మాటకు వెల యున్న దినములు

ఈ సాయంకాలము నేను ప్రస్తావింపదలచిన విషయము మీకందరికిని అనుభవములో నున్నదే. మన బాల్యమునను యౌవనమునను దూరముననున్న వారికొక మాట చేర్పవలెనన్న వెల యిచ్చి చేర్పవలసి యుండెను. కార్డునకు వెల, తంతికి పదమునకింతయని వెల, టెలిఫోనునకు నిమిషమునకింతయని వెల, కడపట వచ్చిన అంతర్జాలమునకు గంటకింతయని వెల. నేడన్ననో సముద్రముల కావలనున్న మనుమరాలి ముఖమును చూచుచు గంటసేపు ముచ్చటించినను, ఆ ముచ్చటకై వేరుగ నొక పైసయు చెల్లింపనక్కరలేదు. ఇంతటి సౌకర్యము చేతికందినను, మనవంటి వృద్ధులు నలుగురు చేరినచోట “ఆ దినములే వేరు” అను నిట్టూర్పు వినబడుచునే యున్నది.

ఈ నిట్టూర్పు దేనికి? పాత యంత్రములు మేలైనవనియా? కాదు. అవి మందగమనము కలవి, తరచుగా చెడిపోవునవి, పేదవానికి అందనివి. నా యభిప్రాయమున మనము తలచుకొనుచున్నది యంత్రమును గాదు. మాటకు వెల యుండుటచేత మన నోటికిని కలమునకును కలిగిన యొక కట్టుబాటును తలచుకొనుచున్నాము. ఆ కట్టుబాటు ఎట్లు పుట్టినదో, దానివలన కలిగిన మేలెంతయో, కీడెంతయో, నేడు దానిలో మనము నిలుపుకొనవలసినదేమో, ఒక్కొక్క సాధనమును చూపుచు మనవి చేసెదను.

మొదటిది తంతి. అమెరికాలో మోర్సు అను నాతడు 1844లో వాషింగ్టను నుండి బాల్టిమోరు నగరమునకు తీగపై వార్త నంపెను. మన దేశమున 1850లో కలకత్తాకును డైమండు హార్బరునకును నడుమ ప్రయోగార్థము తీగ వేసిరి. ఆ దశాబ్దములోనే అది ప్రజల యుపయోగమునకు వచ్చెను. దాని కిటుకు మిక్కిలి సులభము. ఒక కొనయందు మీట నొక్కినచో తీగలో విద్యుత్తు ప్రవహించును. రెండవ కొనయందు చిన్న విద్యుదయస్కాంతము ఇనుపరేకును లాగి టక్కుమని ధ్వని చేయును. నొక్కు పొట్టిదైనచో చుక్క, పొడుగైనచో గీత. ఈ చుక్కల గీతల కూర్పే అక్షరము. ఇంగ్లీషున తరచుగా వచ్చు ‘ఇ’ అను నక్షరమునకు ఒక్క చుక్క, ‘టి’ అను నక్షరమునకు ఒక్క గీత, అరుదుగా వచ్చు నక్షరములకు నాలుగేసి గుర్తులు, అంకెలకు ఐదేసి. ఛందస్సు చదివినవారికి ఇది వింత గాదు. లఘువు, గురువు అను రెంటితోనే మన పద్యమంతయు నడచుచున్నది గదా! భేదమెక్కడ ననగా, మన గురువునకు రెండు మాత్రల కాలము. మోర్సు గీతకు మూడు చుక్కల కాలము.

ఒక తీగపై ఒక సమయమున ఒకరి వార్త పోవలెను. దానిని మీటుటకొక మనుష్యుడు, విని వ్రాయుటకొక మనుష్యుడు, సైకిలుపై తెచ్చి యిచ్చుటకొక మనుష్యుడు కావలెను. కావుననే పదమునకింత యని వెల. చిరునామాలోని మాటలు కూడ లెక్కలోనివే. అందుచేత పెద్ద వర్తకులు తమ దుకాణమునకు ఒకే మాటగల తంతి చిరునామాను నమోదు చేయించుకొని, కాగితములపై అచ్చు వేయించుకొనుచుండిరి. పండుగలకును పెండ్లిండ్లకును శుభాకాంక్షల వాక్యములకు అంకెలు నిర్ణయించి యుండిరి. ఆ యంకెను వ్రాసి యిచ్చినచో, అవతలివారికి వాక్యమంతయు అందెడిది.

నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో తంతి వ్రాయించుకొనుటకు జనులు బడికి వచ్చుచుండిరి. తెలుగు లిపిలో తంతి పంపు వీలు మా యూరివారి కెరుకలేదు. ఇంగ్లీషు తెలిసినవాడొకడు వ్రాసి పెట్టవలసినదే. వచ్చినవాడు తండ్రి జబ్బును గూర్చి, వైద్యుడు చెప్పినదానిని గూర్చి, చెల్లెలి దుఃఖమును గూర్చి అరగంట చెప్పును. అంతయు విని నేను వ్రాసి యిచ్చునది నాలుగు మాటలు: “ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ.” దేశమంతట నిట్లే వ్రాయుచుండిరి. ఇంగ్లీషు అక్షరము ఒక్కటియు రాని మా యూరి ముసలమ్మలకు సైతము ‘సీరియస్’ అను మాట తెలిసెను. దాని యర్థము ‘ఆశలేదు’ అనియు తెలిసెను.

అర్ధమాత్ర మిగిలినను వైయాకరణుడు కుమారుడు పుట్టినంత సంతోషించునని పెద్దలు చెప్పుదురు. తంతి వ్రాయు దినములలో ఆ సంతోషమును ప్రతి గృహస్థుడును ఎరిగియుండెను. ఒక మాట తీసివేసినచో కొన్ని పైసలు మిగులును, కావున ప్రతి మాటను పట్టుకొని “నీవు లేనిచో అర్థము చెడునా?” అని ప్రశ్నింపవలసివచ్చెను. ఇది గొప్ప శిక్షణము. అయినను దీనికొక లోపము కలదు. సూత్రము క్లుప్తమైనకొలది వ్యాఖ్యానము పెరుగును. “వెంటనే బయలుదేరుము” అని మాత్రమున్న తంతి ఉద్యోగపు ముఖాముఖికై వచ్చినదైనను, అది చదువకమునుపే ఇంట శోకములు మొదలిడిన సందర్భములు మా యూర కలవు. తంతివాడు వీధిలో దిగెననగానే గుండె జారెడిది. శుభవార్తకు కార్డు చాలును. తంతి ఖర్చు పెట్టినారనగా అది ఆపదయే యని మన తర్కము.

తంతి వచ్చిన నిజమే యని మనవారి విశ్వాసము. ఈ విశ్వాసమును గూర్చి చట్టమేమనెనో చూడుడు. 1872 నాటి భారత సాక్ష్యచట్టమున 88వ సెక్షను తంతివార్తలకు సంబంధించినదై యుండెను. పంపిన యాఫీసులో ఇచ్చిన వార్తయే చేరినవాని చేతికి వచ్చినదని న్యాయస్థానము భావింపవచ్చును. కాని ఆ వార్తను ఆఫీసులో ఇచ్చినవాడెవడో ఆ విషయమున మాత్రము ఏమియు భావింపరాదు అని దాని తాత్పర్యము. అనగా తీగ సత్యమే పలుకును. తీగ కొనయందు నిలిచినవాడు సత్యమాడెనో లేదో తీగకు తెలియదు. ఈ వివేకమును మనస్సున నుంచుకొనుడు. దీనితో మరల పని యున్నది. 2013 జూలై 14వ తేదీ రాత్రితో మన దేశమున తంతి స్వీకరించుట ఆగిపోయెను.

రెండవది టెలిఫోను. దూరపు ఊరికి మాటాడవలెనన్న ‘ట్రంకు కాల్’ నమోదు చేసికొని గంటలకొలది కాచియుండవలెను. ఉద్యోగిని ఒకరు బల్లపై తీగలు కలిపి ఇరువురిని జతచేయును. మూడు నిమిషములైనంతనే గడువు తీరినదని హెచ్చరింతురు. తొందర గలవారు ‘అర్జెంటు’ అనియు, మిక్కిలి తొందర గలవారు ‘లైట్నింగ్’, అనగా మెరపు, అనియు చెప్పి హెచ్చు సుంకము చెల్లించుచుండిరి. నడుమ మనుష్యుడు లేకయే అంకెలు త్రిప్పి దూరపు ఊరిని పిలుచు ఏర్పాటు మన దేశమున 1960లో కాన్పురు, లక్నో నగరముల మధ్య మొదలయ్యెను. దానికే ఎస్‌టీడీ యని పేరు.

అది పల్లెలకు వచ్చుటకు మరి పాతికయేండ్లు పట్టెను. విదేశములనుండి తెచ్చిన స్విచింగు యంత్రములకు చల్లని గదులు కావలెను. మన పల్లెలలో కరెంటు వచ్చుచు పోవుచు నుండెను. 1984లో స్థాపింపబడిన ‘సీ-డాట్’ అను ప్రభుత్వ సంస్థ మన యెండకును దుమ్మునకును ఓర్చుకొను చిన్న ఎక్స్‌చేంజిని నిర్మించెను. 128 లైనుల ఆ యంత్రమును 1986లో కర్ణాటకమునందలి కిత్తూరున నెలకొల్పిరి. పిమ్మట కొలది సంవత్సరములలో పసుపుపచ్చ అక్షరముల ఎస్‌టీడీ బూతులు సందుసందునను వెలసెను.

ఆ బూతును మీరెరుగుదురు. గాజుతలుపుల చిన్నగది, దానిలో ఒక ఫోను, ఎదుట ఎర్రని అంకెలు చూపు మీటరు. మాట సాగుచుండగా ఆ యంకెలు మారుచుండును. దూరము పెరిగినకొలది త్వరగా మారును. రాత్రి ప్రొద్దుపోయినకొలది సుంకము సగమునకు, మూడవ వంతునకు, నాల్గవ వంతునకు తగ్గెడిది. అందుచేత పగలు ఖాళీగానున్న బూతు రాత్రి పదునొకండు గంటల వేళ తిరునాళ్ళవలె కిటకిటలాడెడిది. లోపలికి పోవువాడు చెప్పవలసినవి చీటిపై వ్రాసికొని పోవుచుండెను: వడ్లధర, అమ్మ మోకాలి నొప్పి, తమ్ముని ఫీజు. ఫోను లేని ఇంటివారు పొరుగింటి నంబరును శుభలేఖపై అచ్చు వేయించి ప్రక్కన ‘పీ.పీ.’ అని చేర్చుచుండిరి. ఆ పొరుగువారు పిలుపు వచ్చినపుడు వానలోనైనను పోయి మనిషిని పిలుచుకొని వచ్చుచుండిరి. వీధిలో ఎవరి బిడ్డ ఎక్కడ ఏమగుచున్నదో నలుగురికిని తెలిసెడిది. ఇది రహస్యమునకు భంగమే. కాని ఆపదవేళ నలుగురును వచ్చి నిలుచుటకు ఇదియే కారణము.

మూడవది అంతర్జాలము. విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ 1995 ఆగస్టు 15వ తేదీన మన దేశ ప్రజలకు దీనిని తెరచెను. ఆరంభమున అది టెలిఫోను తీగలమీదనే నడచెను. టెలిఫోను తీగ మనుష్యకంఠమునకై ఏర్పడినది. కంప్యూటరు పలుకునవి సున్నలును ఒకట్లును. కావున ఆ యంకెలను ధ్వనిగా మార్చి పంపుటకును, వచ్చిన ధ్వనిని మరల అంకెలుగా మార్చుటకును ‘మోడెము’ అను పెట్టె యొకటి నడుమ నుండవలెను. అది కలియునప్పుడు చేయు కీచుధ్వనులను ఒకమారు విన్నవారు మరువలేరు. తొలినాటి వేగము క్షణమునకు 9,600 అంకెలు. తరువాతి మోడెముల గరిష్ఠవేగము 56,000. నేటి చరవాణితో తీసిన ఒక చిన్న ఛాయాచిత్రమున సుమారు 80 లక్షల అంకెలుండును. లెక్క వేయుడు: తొలి వేగమున ఆ చిత్రము చేరుటకు దాదాపు 14 నిమిషములు, మలి వేగమున రెండు నిమిషములకు పైన పట్టును. అంతసేపును ఇంటిలోని ఫోను పనిచేయదు. టెలిఫోను బిల్లు మాత్రము పెరుగుచునే యుండును.

ఇంట నంత ఖర్చు భరింపలేనివారికి పట్టణములలో నెట్టు సెంటరులు ఏర్పడెను. మా ప్రాంతమున గంటకు ముప్పది రూపాయలు తీసికొనుచుండిరి. పదవ తరగతి ఫలితములు వచ్చు దినమున మా విద్యార్థులు అచ్చటికి పరుగెత్తుచుండిరి. అంతకు ముందు మరునాటి పత్రికలో సన్నని యంకెల వరుసలలో తమ నంబరును వెదకుకొనవలసి యుండెను. గంటకు వెల గలదు కనుక, ఉత్తరము వ్రాయదలచినవారు ఇంటివద్దనే కాగితముపై వ్రాసికొని పోయి, అచ్చట త్వరత్వరగా టైపు చేసి పంపుచుండిరి. అప్పటి విద్యుల్లేఖలు ఒక విధముగా కార్డులవలెనే యుండెను: “క్షేమము, ఉభయకుశలోపరి”తో మొదలయి, అందరిని అడిగినట్లు చెప్పుడనుటతో ముగియును.

నాలుగవది చేతిఫోను. అందు వచ్చినవి రెండు విశేషములు: పొట్టిసందేశము, మిస్డు కాల్. మొదటిదానిలో ఒక సందేశమునకు 160 అక్షరములు మాత్రమే పరిమితి. ఈ 160 ఎక్కడనుండి వచ్చెను? ఒక సందేశమునకు కేటాయించిన చోటు 1,120 అంకెలు. ఇంగ్లీషు అక్షరమునకు 7 అంకెలు చాలును, కావున 160. తెలుగు మొదలగు లిపులకు ఒక్కొక్క గుర్తునకు 16 అంకెలు పట్టును. కావున 70 మాత్రమే. అంతేకాదు. మనము ఒక అక్షరమనుకొనునది యంత్రమునకు ఒకటి గాదు. ‘స్త్రీ’ అను దానిని చూడుడు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము, ఆరు గుర్తులు! మన సంయుక్తాక్షరముల సొంపునకు యంత్రము విధించిన పన్ను ఇది. పైగా నాటి ఫోనులలో పెక్కింటికి తెలుగు రాదు. అక్షరములకు బదులు వట్టి చతురస్రములు కనబడెడివి.

ఇక మిస్డు కాల్ అన్ననో, ఇది మనవారి యుక్తికి శిఖరము. ఎత్తని పిలుపునకు సుంకము లేదు. కావున ఒకసారి మ్రోగి ఆగిన “క్షేమముగా చేరితిని”, రెండుసార్లు మ్రోగిన “నీవు పిలువుము” అని ముందే యొడంబడిక. మోర్సు మహాశయునికి ఒక చుక్కయైనను కావలసి వచ్చెను. మన పల్లెటూరివాడు ఆ చుక్కకును వెల చెల్లింపక వార్త నంపెను. 2003 వరకు వచ్చిన పిలుపు ఎత్తినవానికి కూడ ఖర్చు పడుచుండెనను మాట జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ యుక్తి విలువ బోధపడును.

ఇంతవరకు వెలవలన కలిగిన గుణములను చెప్పితిని. న్యాయముగా దోషములను కూడ చెప్పవలెను. అవి చిన్నవి గావు.

మొదటి దోషము: వెల పేదవాని నోరు కట్టివేసెను. మన జిల్లాలనుండి వేలమంది కువైటు, దుబాయి మొదలగు చోట్లకు కూలికి పోయిరి. వారికి ఫోను చేయుట ఇంటివారికి తలకుమించిన పని. చదువురాని తల్లికి ఉత్తరమును వ్రాయుటకును చదువుటకును పరుల సహాయమే గతి. కోడలిమీది బెంగను, అప్పువాని మాటను పరులచేత నెట్లు వ్రాయించును? అట్టి సమయమున టేపు రికార్డరు వచ్చెను. గల్ఫు నుండి సెలవుపై వచ్చినవాడు తెచ్చిన యంత్రము ముందు కూర్చుండి, ఆ తల్లి క్యాసెట్టులో ఇరుప్రక్కల నిండునంత వరకు కుమారునితో మాటాడును, ఏడ్చును, మనుమనిచేత పాట పాడించును. ఆ క్యాసెట్టు ఎవరి సంచిలోనో చేరి సముద్రము దాటును. దానికి పదమునకింతయను వెల లేదు, నిమిషమునకింతయను వెల లేదు. గంటసేపటి నాడాకు ఒక్కటే వెల. అందుచేతనే ఆ తల్లి తన మాటను తాను చెప్పుకొనగలిగెను. నాలుగు మాటల తంతిని మెచ్చుకొనునపుడు, నాలుగు మాటలలో నిముడని యీ దుఃఖమును మనము మరువరాదు.

రెండవ దోషము మన భాషకు సంబంధించినది. తంతి తెలుగును ఇంగ్లీషున దాచెను. పొట్టిసందేశము తెలుగును ఇంగ్లీషు అక్షరములలో దాచెను. 1990 దశాబ్దపు తొలినాళ్ళలో అమెరికాయందు చదువుచున్న తెలుగువారు అంతర్జాలమున తమలో తాము వ్రాసికొనుటకు, రైస్ విశ్వవిద్యాలయము పేర ఒక లిప్యంతరీకరణ పద్ధతిని ఏర్పరచుకొనిరి. ఇంగ్లీషులోని చిన్న ‘టి’ తకారమునకు, పెద్ద ‘టి’ టకారమునకు. చిన్న ‘ఎన్’ నకారమునకు, పెద్దది ణకారమునకు. ఇట్లు వర్ణమాల యంతయు భేదము చెడక కుదిరెను. అది శ్రద్ధగల పని. లిపి లేనిచోట భాషను బ్రతికించిన పని. కాని తరువాతివారు ఆ నియమమును విడిచి అక్షరములను మాత్రము పట్టుకొనిరి. నేటి పిల్లలు ఇంగ్లీషు అక్షరములతో వ్రాయు తెలుగులో తకారమేదో టకారమేదో, హ్రస్వమేదో దీర్ఘమేదో ఊహించుకొనవలసినదే.

విచారింపదగిన విషయమేమనగా, ఆ నిర్బంధము తొలగి చాల కాలమైనది. ప్రపంచ లిపులన్నిటికిని అంకెలు నిర్ణయించిన ‘యూనికోడ్’ అను ప్రమాణములో 1991 నాటి మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. నేటి చేతిఫోనులన్నియు తెలుగు చదువగలవు, వ్రాయగలవు. నోటితో పలికినచో తామే వ్రాయుచున్నవి. అక్షరమునకు వెలయు లేదు, హద్దును లేదు. వెల పోయినను, వెలకు భయపడి నేర్చిన అలవాటు మాత్రము పోలేదు. ఇంటి మనుమడు పొట్టియక్షరములలో వ్రాయు “బాగున్నారా తాతయ్యా” అను ప్రశ్నకు మనము తెలుగు లిపిలోనే జవాబు వ్రాయుదము. రెండు మూడు పర్యాయములైన పిమ్మట ఆ బిడ్డయు అట్లే వ్రాయ మొదలిడును. ఇది నేను మా యింట చూచిన విషయము.

వెల యెట్లు పోయినదో ఒక్క మాట. ట్రంకు కాల్ సాగినంతసేపు ఇరువురి మధ్య ఒక దారి యంతయు వారికే కట్టుబడి యుండెడిది. కావున కాలమునకు వెల. అంతర్జాలమున నట్లు కాదు. ప్రతి మాటను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ఒక్కొక్కదానిపై చిరునామా వ్రాసి వదలుదురు. వేలమంది పొట్లములు ఒకే దారిన పోవును. ఒకే తపాలాసంచిలో వేయి జాబులు పోయినట్లు. ఆ దారులును గాజునార తీగలవలన విశాలములయ్యెను. ఒకరి వంతునకు పడు ఖర్చు లెక్కింపరానంత చిన్నదయ్యెను. 2016 తరువాత మన దేశమున వర్తకుల పోటీచేత అది మరింత తగ్గెను.

వెల పోవుటతో మాట వరదయయ్యెను. వేకువనే శుభోదయపు చిత్రములు, మధ్యాహ్నమునకు వైద్యము, రాత్రికి భయవార్త. పంపినవాడు చదువలేదు, చదివినవాడు విచారింపలేదు, అయినను వందమందికి చేరెను. పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వట్టి వదంతి చేతిఫోనులలో వ్యాపించుటచేత 2018లో మన దేశమున నిరపరాధులు కొట్టబడి ప్రాణములు గోల్పోయిరి. ఆ యేడే వాట్సాపు సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒక పర్యాయము ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను; 2019లో ఆ కట్టడిని లోకమంతటికిని వర్తింపజేసెను. 2020లో, పలుమారులు చేతులు మారిన సందేశము ఒక్కచోటికి మాత్రమే పోవలెనని నియమించెను. అట్టి సందేశముపై రెండు బాణపు గుర్తులుండును, మీరు గమనింపుడు. మాటకు వెల తీసివేసినవారే మరల ఏదో యొక రూపమున వెల కట్టవలసి వచ్చెను! మన నిట్టూర్పులో కొంత న్యాయము కలదనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలెనా?

అయినను యంత్రము కట్టు వెల చాలదు. మనకు మనము కట్టుకొను వెల కావలెను. ఈ విషయమున నాలుగు మాటలు మనవి చేసి ముగించెదను.

ఒకటి: వచ్చిన వార్తను మరియొకరికి పంపుటకు ముందు, “పదమునకింత చెల్లించి, కాగితముపై నా పేరు వ్రాసి, దీనిని తంతి ఇత్తునా?” అని ప్రశ్నించుకొనుడు. ఈయనని తోచినచో అది మీ వద్దనే ఆగవలెను.

రెండు: సాక్ష్యచట్టపు వివేకమును మరువకుడు. సందేశము చక్కగా చేరినంతమాత్రమున పంపినవాడు సత్యవంతుడు గాడు. ‘మీ అబ్బాయి ఆపదలో నున్నాడు, వెంటనే ధనము పంపుడు’ అని గాని, ‘మేము పోలీసులము, ఫోనులోనే మిమ్ము నిర్బంధించితిమి’ అని గాని ఎవరైన పలికినచో, పిలుపును ఆపి, మీరెరిగిన నంబరునకు మీరే ఫోను చేసి విచారింపుడు. ఫోనులో నిర్బంధించుట యనునది మన చట్టములో లేదు. ధనము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపుడు. ఒకనాడు తంతి వచ్చినపుడు వీధివారిని పిలిచి చదివించుకొంటిమి గదా. నేడును ఇట్టి సమయమున ప్రక్కవానిని పిలుచుట సిగ్గుపడవలసిన పని కాదు.

మూడు: తెలుగును తెలుగక్షరములలో వ్రాయుడు. అక్షరమునకు పైస పడు దినములలో దాచుకొన్నాము. ఇప్పుడు దాచుకొన పనిలేదు.

నాలుగు: అటకమీద పాత క్యాసెట్టులున్నచో వెదకించుడు. ఆ నాడాపై నున్న అయస్కాంతపు పూత కాలక్రమమున క్షీణించును, ధ్వని మాసిపోవును, వాయించు యంత్రములును అరుదగుచున్నవి. ఊరిలో చదువుకొన్న కుర్రవానిచేత ఆ కంఠములను నేటి సాధనములలోనికి ఎక్కించి, ఎవరు, ఎవరితో, ఏ యేట పలికినదో తెలుగులో వ్రాయించి యుంచుడు. గతించిన తల్లి కంఠము అందులో నుండవచ్చును. పాత సాధనములయెడ మనకు గల ప్రీతికి ఇంతకంటె తగిన కార్యము నాకు తోచుటలేదు.

మాట చౌకయైనది, మంచిదే. దుబాయిలోని కుమారునితో ఆ తల్లి నేడు ప్రతి రాత్రియు ముఖాముఖిగ మాటాడుచున్నది. కాని చౌకయైన నీటిని సైతము రైతు గట్టు వేసియే పొలమునకు పారించుకొనును. ఆ గట్టు వేయు పని ఇప్పుడు తంతియాఫీసుది కాదు, మీటరుది కాదు, మనది. సెలవు.